క్యానులో పాలరాయి

పిల్లలూ! హనుమకొండలో బస్సెక్కి, ఎల్కతుర్తి మీదుగా హుస్నాబాదు దారి పట్టితే ముల్కనూరు వస్తుంది. చూడడానికి మామూలు ఊరే. కాని ఇక్కడి సహకార సంఘం 1956లో పుట్టి దేశమంతటా పేరు తెచ్చుకున్నది. 2000 ప్రాంతంలో ఇక్కడే ఒక పాల డెయిరీ కూడా వెలసింది. సభ్యులు ఆడవాళ్ళే, పాలకవర్గమూ ఆడవాళ్ళదే. ‘స్వకృషి’ అన్న పేరు పాల ప్యాకెట్ల మీద మీరు చూసే ఉంటారు.

ఏ డెయిరీలోనైనా పాలు తగిలే చోటల్లా స్టెయిన్‌లెస్ స్టీలే కనిపిస్తుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హారీ బ్రియర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలకు గట్టి ఉక్కు కోసం వెతుకుతూ, తుప్పు పట్టని ఈ ఉక్కును తయారుచేశాడు. ఇందులో క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఉక్కు మీద పలుచని పొరగా ఏర్పడుతుంది. ఆ పొర మందం వెంట్రుక మందంలో పదివేలవ వంతు కూడా ఉండదు. అయినా ఉక్కును కాపాడేది అదే.

మరి ఇంత మంచి ఉక్కులో పోసిన పాలు విరిగితే తప్పు ఎవరిది?

ఈ ప్రశ్న నాకు ఒక పల్లెలో ఎదురైంది. ముల్కనూరు కాదు, వేరే ఊరు, పేరు చెప్పను. అక్కడి పాల కేంద్రం నా పూర్వ విద్యార్థే చూసుకుంటాడు. నాలుగు రోజులుగా ఆ ఊరి క్యాను పాలు కాచగానే విరిగిపోతున్నాయని తిప్పి పంపేస్తున్నారు. పాలు పోసిన ఇళ్ళన్నిటికీ ఆ పూట డబ్బు లేదు. చివరికి నిందంతా ఒక ముసలమ్మ మీద పడింది. ఆమెకున్నది ఒకటే బర్రె.

“నా పాలు మంచిగనే ఉన్నయి సారూ, పొద్దుగాల నేనే కాగబెట్టి చూసిన” అన్నది ఆమె, కళ్ళొత్తుకుంటూ.

నేను క్యాను అడిగాను. చూపుకు తళతళలాడుతున్నది. లోపల నీళ్ళు చల్లి చూశాము. శుభ్రమైన ఉక్కు మీద నీరు పలుచని దుప్పటిలా పరుచుకోవాలి. ఇక్కడ కొన్నిచోట్ల తామరాకు మీది బొట్లలా ముద్దకట్టింది. అంటే అక్కడ కొవ్వు మిగిలిందన్నమాట! మెడ వంపులో వేలు పెడితే గరుకుగా తగిలింది. టార్చి వేస్తే తెల్లని పొర కనిపించింది.

దీన్నే పాలరాయి అంటాను నేను. చలువరాయి అనుకునేరు! పాలలోని సున్నపు లవణాలూ మాంసకృత్తులూ, బోరునీటిలోని సున్నమూ కలిసి గట్టిపడిన పెచ్చు ఇది. సూక్ష్మజీవులు దాని సందుల్లో దాక్కుంటాయి. మర్నాడు పాలు పోయగానే వాటికి పండగే.

“ఎలా కడుగుతున్నారురా?” అని అడిగాను.

“మరిగే నీళ్ళతోనే సార్, తర్వాత సోడా” అన్నాడు గర్వంగా.

చూశారా! మొట్టమొదటే మరిగే నీళ్ళు పోస్తే, పెనం మీద గుడ్డు గట్టిపడినట్లు, మాంసకృత్తులు ఉక్కుకు అతుక్కుపోతాయి. ముందు గోరువెచ్చని నీళ్ళతో పాలు పోగొట్టాలి. తర్వాత వేడి సోడానీళ్ళు. సోడా క్షారం, కొవ్వునూ మాంసకృత్తులనూ వదిలిస్తుంది కాని సున్నాన్ని ఏమీ చేయలేదు. సున్నం కరగాలంటే ఆమ్లం కావాలి. డెయిరీలలో పెద్ద గొట్టాలను విప్పకుండానే నీరు, క్షారం, నీరు, ఆమ్లం, మళ్ళీ నీరు వరుసగా పారిస్తారు. ఈ మందులు చర్మాన్ని కాల్చేస్తాయి, మీరు ముట్టుకోవద్దు. ఆమ్లాన్ని బ్లీచింగు పౌడరుతో కలిపితే విషవాయువే పుడుతుంది. నీళ్ళు కాచే గిన్నెలోని తెల్లని చార మీద నిమ్మరసం పిండి చూడండి, సన్నని బుడగలు వస్తాయి. ఆమ్లం సున్నాన్ని కరిగించడమంటే అదే.

మరొక తప్పు కూడా దొరికింది. క్యాను కడిగే కుర్రవాడు పాపం, ఇనుప పీచుతో రుద్ది రుద్ది లోపలంతా గీతలు చేశాడు. గీతల్లో మురికి నిలుస్తుంది. పీచు తునకలు తుప్పు చుక్కలవుతాయి. మెత్తని బ్రష్షు తెప్పించాము.

డెయిరీ వాళ్ళిచ్చిన ఆమ్లంతో నా విద్యార్థి చేతితొడుగులు వేసుకుని కడిగాడు. పొర పోయింది, నీరు దుప్పటిలా పరుచుకున్నది. అందరం సంతోషించాము. మర్నాడు పాలు మళ్ళీ విరిగాయి!

నాకు తల కొట్టేసినట్లయింది. ఆ సాయంత్రం మూత వాసన చూశాను. పుల్లని కంపు! మూత అంచున రబ్బరు పట్టీ ఉన్నది. దాన్ని ఎవరూ ఊడదీసి కడగలేదు. కింద పచ్చని జిగట. పాత రబ్బరు పగుళ్ళలోకి ఏ సోడా వెళ్ళదు. పారేసి కొత్తది వేయించాము. కడిగిన క్యానును బోర్లించి ఆరబెట్టమని చెప్పాను.

ఆ మరుసటి రోజు క్యాను తిరిగి రాలేదు. పొద్దున్నే వరుసలో ముసలమ్మ అందరికంటె ముందు నిలబడింది. ఆమె చెంబులో పాలు క్యానులో పోయకముందే, నా విద్యార్థి మూత తిప్పి రబ్బరు పట్టీ ఆమెకు చూపించాడు.