ఎవరి జీవితకాలం?

‘యావజ్జీవం’ అనే మాట వినగానే తెలుగువాడికి ముందుగా స్ఫురించేది కారాగారం. ‘జీవితకాలం’ అంటే బండి కొన్ననాడు రవాణాశాఖవారికి ఒక్కసారిగా కట్టే పన్ను. ‘శాశ్వతం’ అంటే ఏటా మన జన్మనక్షత్రం నాడు గుడిలో జరిగే అర్చన. అర్థంలో ఈ మూడూ చుట్టాలే అయినా ఒకదాని పీటమీద మరొకదాన్ని కూర్చోబెట్టలేము. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పర్యాయపదాలు వల్లె వేయించినవాణ్ణి గనుక, కొంతకాలం క్రితం నా చెవిన పడిన ఒక పదబంధాన్ని వీటిలో దేనితో తెనిగించాలా అని చాలాసేపు ఆలోచించాను. ఆ పదబంధం ‘లైఫ్‌టైమ్ హంటింగ్ లైసెన్స్’. ప్రస్తుతానికి దాన్ని జీవితకాలపు వేట అనుమతి అనుకుందాము.

మా అమ్మాయి కాపురం అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో, రాలీ నగరాన్ని ఆనుకొని ఉన్న కేరీలో. మనుమడు పుట్టినప్పుడు నేనూ మా ఇంటావిడా వెళ్ళి ఆరు నెలలు ఉన్నాము. రెండిళ్ళ అవతల ఒక పెద్దాయన ఉండేవాడు. ఇంచుమించు నా ఈడువాడే. ఆయనకూ ఆ రోజుల్లోనే మనుమరాలు పుట్టినది. పాపకు ఏమి కానుక ఇచ్చారని మర్యాదకు అడిగితే, ‘వేట లైసెన్సు’ అన్నాడు. పరిహాసం కాబోలుననుకున్నాను. కాదు. ఆ రాష్ట్ర వన్యప్రాణి సంస్థవారు పసిబిడ్డలకని ప్రత్యేకంగా ఒక జీవితకాలపు లైసెన్సు అమ్ముతారు. బిడ్డకు ఏడాది నిండకముందే కొనాలి. పెద్దవాళ్ళ లైసెన్సుకంటే అది చాలా చౌక. వేటకూ, మంచినీటి చేపలు పట్టుకోవడానికీ రెండింటికీ చెల్లుతుంది. బిడ్డ పెరిగి పెద్దదై వేరే రాష్ట్రానికి వలసపోయినా ఆ హక్కు పోదు.

ఉయ్యాలలోని పిల్లకు వేట పత్రమా అని మా ఇంటావిడ బుగ్గలు నొక్కుకున్నది. నాకు మాత్రం మన అన్నప్రాసన గుర్తుకు వచ్చినది. బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం పెట్టి, వాటి పక్కనే కత్తి కూడా పెడతాము కదా! పాకుతూ వెళ్ళి వాడు కత్తి పట్టుకుంటే శూరుడవుతాడని మురిసిపోయేది కూడా మనమే.

తెలుగు పండితులకు వేటతో ఉన్న సంబంధం విచిత్రమైనది. మేము గుమ్మం దాటి ఒక పిట్టనైనా కొట్టి ఎరుగము. కాని తరగతి గదిలో మేము ఆడని వేట లేదు. మనుచరిత్రలో స్వరోచి వేట చెబుతున్నప్పుడు పిల్లల కళ్ళు మెరుస్తాయి. మరునాడే దశరథుడి బాణమూ, పాండురాజు బాణమూ చెప్పి అదే పిల్లల కళ్ళు చెమర్చేటట్లు చేస్తాము. మనుస్మృతి కామం వలన పుట్టే పది వ్యసనాలను లెక్కపెడుతూ మృగయను మొట్టమొదట నిలిపినది. కావ్యం వేటను వర్ణిస్తుంది, ధర్మశాస్త్రం నిందిస్తుంది, పురాణం దాని ఫలితం చూపిస్తుంది. ఈ మూడూ చదువుకున్న శాకాహారిని గనుక వేట మీద నాకు ప్రీతి లేదు. ఇది చదివిన తరువాత మీకు కలగాలనీ నా ఉద్దేశం కాదు.

మన దేశంలోనూ ఒకప్పుడు వేటకు లైసెన్సులు ఉండేవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను పూర్తిగా మాన్పించినదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ చట్టమే మొదట్లో పెద్ద జంతువుల వేటకొకటి, చిన్న జంతువుల వేటకొకటి అని లైసెన్సులకు చోటిచ్చినది. ఆ తలుపు మూసుకున్నది 1991 సవరణతో. అప్పటినుంచి మనకు వేట అంటే నేరం. పంటలను ధ్వంసం చేసే అడవిపందుల వంటి వాటి విషయంలో అధికారుల అనుమతితో జరిగేది వేరు. 

ఇక లెక్కలోకి వద్దాము. మా తమ్ముడి కొడుకు డాలస్‌లో ఉంటాడు. దేన్నయినా వడ్డీతో సహా గుణించి చూడనిదే వాడికి నిద్ర పట్టదు. ఫోనులో ఈ సంగతి చెబితే వెంటనే తమ టెక్సస్ లెక్క తీశాడు. “పెదనాన్నా, ఇక్కడ స్థానికులకు ఏడాది వేట లైసెన్సు 25 డాలర్లు. జీవితకాలానిది 1,000. అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 40 ఏళ్ళు. చేపలు కూడా కలిపినది ఏటా 68, జీవితకాలానికి 1,800. అది ఇరవయ్యారేళ్ళ పైచిలుకు. ఆ వెయ్యినే నూటికి మూడు వడ్డీకి వేస్తే ఏటా 30 వస్తుంది. ఆ వడ్డీతో ఏటేటా లైసెన్సు కొనుక్కోగా అయిదు డాలర్లు మిగులుతాయి. అసలు ఎక్కడికీ పోదు. ఇది కొనేవాడు అమాయకుడు” అని తేల్చేశాడు.

వాడి గుణకారంలో తప్పు లేదు. రుసుములు పెరుగుతూ పోతాయి గనుక ముందే కొన్నవాడికి కొంత మేలు జరుగుతుందని సమాధానం చెప్పవచ్చును. అయినా పసిబిడ్డ విషయంలో లెక్క మరీ అన్యాయం. నార్త్ కరొలైనాలో 16 ఏళ్ళు నిండేవరకు అసలు లైసెన్సే అక్కరలేదు. అంటే ఆ కార్డు పదహారేళ్ళు ఊరికే పెట్టెలో పడివుంటుంది. పైగా జీవితకాలం అని పేరేగాని షరతులు చాలానే ఉన్నాయి. ఋతువు దాటి వేటాడకూడదు, లెక్కకు మించి కొట్టకూడదు. తప్పు చేస్తే ఆ హక్కు రద్దు కావచ్చును. అడవిబాతుల వేటకు కేంద్ర ప్రభుత్వం వారి ‘డక్ స్టాంపు’ ఏటేటా 25 డాలర్లు పెట్టి వేరుగా కొనవలసినదే. 1934 నుంచీ ఆ స్టాంపు ఉన్నది.

మరి ఇంత నష్టపు బేరం ఆ పెద్దాయన ఎందుకు చేసినట్టు? ఈ ప్రశ్న దగ్గర నాకు పాత గాయమొకటి గుర్తుకు వచ్చినది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాహిత్య మాసపత్రికకు జీవితచందా కట్టాను. ఆనాటి నా జీతంలో అది చిన్న మొత్తం కాదు. పత్రిక నాలుగేళ్ళు వచ్చినది, తరువాత ఆగిపోయినది. జీవితచందా అన్నప్పుడు ఆ జీవితం నాదని నేననుకున్నాను, తనదని పత్రిక అనుకున్నది. రెండింటిలో ఏది చిన్నదైతే చందా అంతవరకే. మీలోనూ చాలామంది దగ్గర ఇటువంటి రసీదులు ఉండే ఉంటాయి.

వేట అనుమతికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. కార్డు మీద ఉన్నది మనిషి ఆయుస్సు. దాని విలువ మాత్రం జింక ఆయుస్సులో ఉన్నది. అడవి ఖాళీ అయిననాడు ఆ కార్డు నా చందా రసీదుకు తోబుట్టువవుతుంది.

అడవి ఖాళీ కావడమంటే ఏమిటో అమెరికావారు కళ్ళారా చూసినవారే. ఆకాశాన్ని కప్పివేసేటంతగా ఎగిరిన పాసెంజర్ పావురాలలో చిట్టచివరిది 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయినది. దానికి మార్తా అని పేరు. తెల్లతోక జింకలు 1900 ప్రాంతానికి దేశమంతటా కలిపి అయిదు లక్షలకు మించి లేవంటారు. నేడు అవి సుమారు 3 కోట్లు. మా అమ్మాయి పెరట్లో మా ఇంటావిడ వేసిన బెండమొక్కలను రాత్రికి రాత్రి మొదలంటా తిని పోయినవి వాటి సంతతివే.

ఈ పునరుజ్జీవనానికి కారణాలు అనేకం. సంతలో అడవి మాంసం అమ్మకాన్ని నిషేధించడం ఒకటి, వేటకు ఋతువులు నిర్ణయించడం ఒకటి. డబ్బు సంగతికి వస్తే 1937లో చేసిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ముఖ్యమైనది. పొడవు తుపాకుల మీదా, తూటాల మీదా తయారీదారులు చెల్లించే 11 శాతం సుంకాన్ని ఆ చట్టం వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకు పంచుతుంది. పంపకంలో సగం రాష్ట్ర వైశాల్యాన్ని బట్టి, సగం అక్కడ రుసుము చెల్లించిన లైసెన్సుదారుల సంఖ్యను బట్టి. జీవితకాలపు లైసెన్సు ఉన్నవాడు ఆ ఏడు అడవి ముఖం చూడకపోయినా, అతడు కట్టిన మొత్తం నిబంధనలకు సరిపోయినన్నాళ్ళు, లెక్కలోకి వస్తాడు. వేటగాళ్ళ సంఖ్య 1982 ప్రాంతంలో కోటీ అరవై లక్షలు దాటి, ఆ తరువాత సన్నగిల్లిన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది ఆ డబ్బును నార్త్ కరొలైనావారు దాచే పద్ధతి. జీవితకాలపు లైసెన్సుల మీద వచ్చిన సొమ్ము ఆ ఏటి ఖర్చులకు వాడరు. 1981లో ఏర్పరచిన ఒక శాశ్వతనిధిలో వేస్తారు. అసలు ముట్టుకోరు. దాని మీద వచ్చే ఆదాయం మాత్రమే వన్యప్రాణుల సంరక్షణకు వాడతారు. పసిబిడ్డల పేర కట్టిన సొమ్ము మీది ఆదాయాన్నైతే ఆ బిడ్డకు 16 ఏళ్ళు నిండేవరకు ఖర్చు చేయకూడదట! బిడ్డ తుపాకి పట్టే ఈడుకు వచ్చేదాకా ఆ డబ్బు కూడా ఎదుగుతూ కూర్చుంటుందన్నమాట.

ఇది వినగానే శాసనాలు చదువుకున్న ఏ తెలుగువాడికైనా ఒక మాట నాలుక మీదికి రావాలి. అక్షయనీవి! నీవి అంటే మూలధనం, తరగని మూలధనం అక్షయనీవి. మన శాతవాహనులతో పోరి ఓడిన క్షహరాట నహపాణుడి అల్లుడు ఉషవదాతుడు నాసిక్ గుహలో వేయించిన శాసనం ఒకటి ఉన్నది. అందులో అతడు మూడువేల కార్షాపణాలను సాలెవాళ్ళ శ్రేణుల దగ్గర ఉంచాడు. రెండువేలకు నెలకు నూటికి ఒకటి చొప్పున వడ్డీ, మిగిలిన వెయ్యికి ముప్పాతిక చొప్పున. అసలు తిరిగి ఇవ్వనక్కరలేదు, వడ్డీతో గుహలోని భిక్షువులకు వస్త్రాలు మొదలైనవి సమకూర్చాలి. నేడు మన గుళ్ళలో శాశ్వత పూజకు కట్టే సొమ్ము కూడా ఆ వంశానిదే. భక్తుడు పోయిన తరువాత కూడా ఆ తేదీన అతడి గోత్రనామాలు వినిపిస్తాయి.

కనుక మా డాలస్ అబ్బాయి లెక్కలో కూడిక సరిపోయినది గాని ఖాతా మారినది. అతడు దాన్ని ముందుగా చెల్లించిన అద్దెగా చూశాడు. అది నీవి. అద్దె అయితే ఎన్నేళ్ళకు గిట్టుతుందని అడగవచ్చును. నీవిని అలా అడగము.

ఇంత చెప్పి మన అడవి మాట ఎత్తకపోతే నాకు తృప్తి లేదు. నల్లమల చెంచులకు వేట వినోదం కాదు, బతుకుతెరువు. వాళ్ళ జీవితకాలపు అనుమతికి పత్రం లేదు, రుసుము లేదు, తాతముత్తాతలే సాక్ష్యం. మన చట్టాలు దాన్ని గుర్తించలేదు. అటవీ సంపద మీద గిరిజనుల హక్కులను గుర్తించిన 2006 చట్టం కూడా సంప్రదాయ వేట హక్కును పేరుపెట్టి మరీ మినహాయించినది. పులిని కాపాడుకోవాలంటే తప్పదని అంటారు. కావచ్చును. కాని అక్కడ సెలవురోజున అడవికి వెళ్ళేవాడికి ఉయ్యాలలోనే హక్కు దొరుకుతుంది, ఇక్కడ అడవిలో పుట్టినవాడికి దొరకదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. అడవిని కాపాడే ఖర్చు ఎవరు భరించాలో రెండు దేశాలూ రెండు రకాలుగా తేల్చుకున్నాయి. మన దగ్గర ఆ భారంలో పెద్దవంతు చెంచువాని మీదనే పడినది.

మేము తిరుగుప్రయాణం అయ్యేముందు మా అల్లుడు అడిగాడు. “మామయ్యగారూ, మనవాడికి కూడా ఒకటి కొందామా? ఏడాది నిండితే మళ్ళీ ఆ ధరకు రాదు” అని. మా అమ్మాయి ఒప్పుకోలేదు. మాంసం ముట్టని ఇంట్లో ఆ కార్డెందుకన్నది. ఇద్దరూ నావైపు చూశారు. నేను చెప్పినది ఇంతే: “వాడు పెద్దవాడై వేటాడతాడా లేదా అన్నది వాడి ధర్మం, మనది కాదు. వేటాడితే చట్టానికి లోబడి ఆడతాడు. వేటాడకపోతే ఆ సొమ్ము మొత్తం అడవికి చెందుతుంది, వాడి వాటాకు ఒక్క జింకైనా తగ్గదు. ఎటు చూసినా నాకు నష్టం కనబడటం లేదు. కాని అమ్మాయి మనసుకు ఇష్టం లేనిది వాడి పేరున చేయవద్దు.”

వాళ్ళు నెలల తరబడి తర్జనభర్జన పడి, మొదటి పుట్టినరోజుకు వారం ముందు కొన్నారు. కార్డు వాడి జాతకచక్రం ఉన్న కవరులోనే పెట్టిందట మా అమ్మాయి. నవ్వుకున్నాను.

పింఛను తీసుకునేవాళ్ళం మేము బతికే ఉన్నామని ఏటేటా రుజువు చూపించుకోవాలి. అడవి కూడా అలాగే ఏటేటా రుజువు చూపించుకుంటూ ఉంటుంది, మా ఇంటావిడ బెండమొక్కల సాక్షిగా. మా మనుమడి సొమ్ము మీద తొలి వడ్డీ అడవికి చేరేనాటికి వాడికి పదహారేళ్ళు. నాకు ఎనభై దాటుతుంది. అప్పటికి నేనుంటానో లేదో గాని, జింకలు ఉండటానికి ఏర్పాటు జరిగినది. మన నల్లమలకు, మన కొల్లేటికి ఇటువంటి అక్షయనీవి ఒకటి, వేటతో నిమిత్తం లేకుండా, బారసాల నాడే బిడ్డ పేరున వేసే వీలుంటే ఎంత బాగుండును! మీరేమంటారు?