గంటల పట్టికలో పట్టని గంటలు

మా అమ్మాయి ఫిజికల్ థెరపీ చదువుటకు నిశ్చయించుకొన్నదని తెలిసిననాటి నుండి, అమెరికాలోని ఈ కొలంబసు నగరమున మిత్రుల యిండ్లకు విందులకు పోయినప్పుడెల్ల, “అంత తెలివిగల పిల్ల, మెడిసిన్‌కు పోరాదా?” అను ప్రశ్న పప్పుకంటె ముందు నా విస్తరిలోనికి వచ్చుచున్నది. నాలుగేండ్ల బ్యాచిలర్ డిగ్రీ, ఆపై సుమారు మూడేండ్లు డీపీటీ యను డాక్టరేటు, తుదకు జాతీయ పరీక్ష, ఇంత గడిచినగాని లైసెన్సు చేతికి రాని విద్యను మనవారు మాలీషు పనికి ఒక మెట్టు పైనున్న వృత్తిగా తలంచుట చూడగా నాకు నవ్వును కోపమును ఏకకాలమున వచ్చును. ప్రథమ ప్రపంచ సంగ్రామమున క్షతగాత్రులైన సైనికులను మరల నడిపించిన అనుభవముతో మేరీ మెక్‌మిలన్ మున్నగు స్త్రీలు 1921లో నెలకొల్పిన సంఘమే నేడు అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్‌గా వర్ధిల్లుచున్నది. ఆ సంగతి సంబంధములు చూచువారికి అక్కరలేదు.

దరఖాస్తు కూడ సామాన్యమైనది కాదు. పీటీక్యాస్ అను ఉమ్మడి పద్ధతిలో ఒక్క దరఖాస్తును పలు కళాశాలలకు పంపవచ్చును గాని, ఏ కళాశాల పట్టు దానిదే. ప్రయోగశాలతో కూడిన శరీరనిర్మాణ, శరీరధర్మ శాస్త్రములు, రెండు సెమిస్టర్ల భౌతికశాస్త్రము, రసాయనము, గణాంకము, మనస్తత్త్వశాస్త్రము దాదాపుగ అందఱు నడుగునవే. జీఆర్ఈ పరీక్షను అనేకులు విడిచిపెట్టిరి. మా యింట ఎడతెగని చర్చకు ఆస్పదమైనవి పరిశీలన గంటలు. లైసెన్సుగల థెరపిస్టు వెంట నిలిచి, ఆసుపత్రిలో నిన్ని, క్లినిక్కులో నిన్ని, వృద్ధుల నర్సింగ్ హోములో నిన్ని యని కూడబెట్టి, ప్రతిదానికిని సంతకము తెచ్చుకొనవలయును. ఒక కళాశాల నలువది యడిగిన, వేఱొకటి నూరు కోరును. అసలే అడుగనివియు కలవు.

గత వేసవిలో జనగామలోని మా అమ్మగారి యింటికి పోయినప్పుడు, పట్టణమున క్లినిక్కు నడుపు ఒక యువ ఫిజియోథెరపిస్టు వెంట మా పిల్ల తిరిగినది. అతడు ఇంటర్ బైపీసీ తరువాత నాలుగున్నరేండ్ల బీపీటీ చదివినవాడు. మా వాడకట్టులోనే యుండు ఒక గీత కార్మికుడు, ఏండ్ల క్రిందట మోకు జారి తాటిచెట్టుపై నుండి పడి, వెన్నుపూస విఱిగి, నడుము క్రింద చలనము కోల్పోయెను. ప్రభుత్వము గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేర భద్రతా సామగ్రి నీయ మొదలిడినది 2024లో; ఇతని కది అందలేదు. కాళ్లకు కసరత్తు చేయింతురని ఎదురుచూచిన మా పిల్లకు ఆశ్చర్యము కలుగునట్లు, ఆ థెరపిస్టు మొదట పరిశీలించినది మంచమును. నులక సాగి, పిఱుదులు లోనికి దిగబడి, ఒత్తిడి పడినచోట పుండు పుట్టుచున్నదని చూపి, నులకపై చెక్క పఱపించి, దానిపై మందపు పఱుపు వేయించి, రెండేసి గంటల కొకమారు రోగిని ప్రక్కకు తిప్పు విధమును ఇల్లాలికి చేతులు పట్టి నేర్పెను. పిమ్మట, “నీకేం చెయ్యాల్నని ఉన్నదే?” అని యడిగెను.

“చెట్టెక్కుడు ఎట్లాగూ లేదు సారూ. మండువ కాడ కూసోని లెక్క చూస్కుంటె సాలు.”

ఆ ఒక్క మాటతో చికిత్స కంతయు దారి దొఱకినది. కల్లు మండువ వద్ద మూడు గంటలు నిటారుగ కూర్చొనవలెనన్న, నడుము పైభాగమునకు నిలకడ రావలెను. చక్రాల కుర్చీలోనికి తనంత తాను జరుగుటకు భుజములకు బలము కావలెను. గడప దాటించుటకు ఒక ఏటవాలు చెక్క కావలెను. జీవితమంతయు తాళ్లెక్కిన భుజములు గనుక బలమునకు కొదువలేదు. ఆ దినముల పరిశీలనకు అతడు చేసిన సంతకమును మా పిల్ల కోరుకొన్న కళాశాలలలో నొకటి లెక్కింపదు. అమెరికా లైసెన్సు లేనివాని సాక్ష్యము దానికి చెల్లదు. నియమము నియమమే; దానిని నేను తప్పుపట్టను.

పిమ్మట మానుకోటలో, అనగా మహబూబాబాదులో, మా చెల్లెలి యింటికి పోయితిమి. అచట, ప్రత్యేక అవసరములుగల పిల్లల కొఱకు మండలమున నడుచు భవిత కేంద్రమునకు, ఫిజియోథెరపీ దినమున ఒక తండా తల్లి మస్తిష్క పక్షవాతమున్న కొడుకును తెచ్చినది. వాని కాళ్లు కత్తెరవలె ఒకదానిపై నొకటి పెనవేసికొనిపోవును. నాట్ల కాలము, ఆమె వచ్చిన దినమున కూలి పోయినట్లే. అట్టి తల్లికి పూటకు అరగంట వ్యాయామమని చెప్పి పంపుట వ్యర్థమని యెఱిగిన థెరపిస్టు, పిల్లవానిని చంకన వేసికొనునప్పుడు రెండు కాళ్లు నడుమున కిరుప్రక్కల ఎడముగ నుండునట్లు ఎత్తుకొను తీరును మాత్రము చూపెను. ఎత్తుకొనక తప్పని బిడ్డయే గదా, ఎత్తుకొన్నంతసేపు చికిత్స జరుగుచుండును.

భూపాలపల్లిలో కథ అడ్డము తిరిగినది. మా తమ్ముడు సింగరేణి కేటీకే గనులలో బొగ్గు బాయి దిగువాడు. వంగి చేసిన పనికి నడుము చెడినది. మేనకోడలు ఉత్సాహముతో తాను నేర్చిన కసరత్తులు చూపబోగా, అతడు నవ్వి, “నొప్పి తగ్గితె నాకు డ్యూటీ, తగ్గక అన్‌ఫిట్ అయితె నా కొడుక్కు నౌకరి. ఏ కసరత్తు చెయ్యాల్నో నువ్వే చెప్పు బిడ్డా” అనెను. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేల్చిన కార్మికుని వారసునకు కారుణ్య నియామకము లభించు ఆ సంస్థలో, ఈ మాట పరిహాసమే యైనను పూర్తిగ పరిహాసము కాదు. నొప్పిని పదింటికి ఎన్ని మార్కులని యడుగు నేర్పును ఆమె పుస్తకములు చెప్పినవి. నొప్పి తగ్గుటవలన ఇంటికి వచ్చు నష్టమును ఏ పుస్తకమును చెప్పలేదు.

2016 వరకు ఈ మూడు పట్టణములును ఒకే వరంగల్లు జిల్లాలోనివి. మహబూబాబాదునకు 2022లోను, జనగామ, భూపాలపల్లులకు 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి; సంతోషమే. అయితే శస్త్రచికిత్స ముగిసి రోగి యిల్లు చేరిన పిదప, ఆ యింటి గడప యెత్తెంత, మరుగుదొడ్డి యెట్టిది యని వచ్చి చూచు మనిషి ప్రతి మండలమునకు ఎన్నడు దొఱకునో యని నాకు చింత.

ఇప్పుడామె దరఖాస్తు వ్యాసము వ్రాయుచున్నది. ముసాయిదాలో మేనమామ ప్రశ్నను మొదట పెట్టినది. ఇచ్చటి ఆచార్యులకు అన్‌ఫిట్ సంగతి యేమి తెలియును, తాటిచెట్టు కథతో ఎత్తుకొమ్మని నేనంటిని. “అది చదివితే అయ్యో అని ఊరుకుంటారమ్మా, ఇది చదివితే ఇంటర్వ్యూలో నన్ను ఏదో ఒకటి అడుగుతారు” అని ఆమె. తగవు తేలలేదు. దరఖాస్తులు తెఱచుటకు జూను వరకు గడువున్నది. భౌతికశాస్త్రపు రెండవ సెమిస్టరు ఇంకను మిగిలియున్నది.