కడియంలో మల్లె, కనకాంబరం

రాజమహేంద్రవరం వెళ్ళినవారు గోదావరిలో మునిగి, ధవళేశ్వరం ఆనకట్ట మీద కాసేపు నిలబడి, చల్లగాలి పీల్చుకొని తిరిగి వస్తారు. మంచిదే. కాని మరికాస్త తీరిక చేసుకొని కడియం దాకా వెళ్ళి రండి. మగవారొక్కరే వెళితే గంటలో వచ్చెయ్యవచ్చు. ఇంట్లో ఆడవాళ్ళను తీసుకువెళితే మాత్రం పూట పడుతుంది. ముందే చెబుతున్నాను సుమండీ!

ఊరు దాటి కాలువ పక్క దారి పట్టామో లేదో, అటూ ఇటూ మొక్కలే. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి – ఒక ఊరు ఎక్కడ ముగిసిందో, మరొక ఊరు ఎక్కడ మొదలైందో బోర్డు చదివితే తప్ప తెలియదు. మరో చోట వరి ఊడ్చే చేతులు ఇక్కడ నల్ల సంచుల్లో మట్టి నింపుతాయి. వరసగా కూర్చున్న ఆడవాళ్ళు మట్టీ ఎరువూ కలిపి సంచికి ఇంత చొప్పున కూరుతూ, మొక్క గుచ్చుతూ, కబుర్లాడుకుంటూ ఉంటారు. ఆ పక్కనే దూరదేశాలకు పోయే లారీలు నిలబడి ఉంటాయి. నిలువెత్తు మామిడి అంటు మొదలు అరచేతిలో ఇమిడే గులాబీ దాకా లారీ ఎక్కవలసిందే.

ఇదంతా నీటి చలవ. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. కాలువలు సాగి డెల్టా అంతా పచ్చబడింది. వరి పండించిన ఆ నీరే ఈ నర్సరీలనూ పెంచింది. ఇక లంక అన్న మాటలోనే ఉంది కదా, గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు! నీరూ మట్టీ కుదిరిన చోట మనిషి చెయ్యి కూడా కుదిరితే ఇంకేం కావాలి?

నేను వెళ్ళింది ఒకే ఒక్క మొక్క కోసం. అది మల్లెనా, కనకాంబరమా అన్నదే తగువు. నవ్వకండి. హైదరాబాదులో మూడో అంతస్తులో కాపురం. తూర్పు వైపు చిన్న బాల్కనీ. ఎదుటి మేడ అడ్డం తొలగి ఎండ వచ్చేసరికి తొమ్మిదవుతుంది. పదకొండింటికల్లా వెళ్ళిపోతుంది. ఊళ్ళో ఇల్లు అమ్మివేశాక మా అత్తగారు మా దగ్గరకు వచ్చేశారు. ఆవిడకు నీటికాసులు. వెలుతురూ చీకటీ తెలుస్తాయి, మనిషి ఆనరు. అక్కడ నూతి పక్కన పెద్ద మల్లె పొద ఉండేది. ఆవిడ వచ్చిన మూడో రోజున అడిగారు, “ఇక్కడ సాయంకాలం అయినట్టు ఎలా తెలుస్తుందే?” అని. మల్లె విచ్చితే సాయంకాలం అని ఆవిడ లెక్క. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

నర్సరీలో ఒక ముసలాయన ఎదురయ్యాడు. ధర అడిగితే చెప్పలేదు.

“ఆయ్, ముందు మీ ఇంటికాడ ఎండెంతసేపుంటాదో చెప్పండమ్మగారూ,” అన్నాడు.

“రెండు గంటలు.”

“అయితే మల్లె వద్దండి. ఆకు పెంచుకుంటారా ఏంటి?”

ఆయన చెప్పిన సంగతులు మీకూ పనికివస్తాయి గనుక వరసగా చెబుతాను.

మల్లెకు ఎండ ప్రాణం. రోజుకు అయిదారు గంటలైనా సూటిగా తగలాలి. నీడను పెడితే తీగలు సాగి, ఆకులు నిగనిగలాడతాయే గాని మొగ్గ తొడగదు. అన్నిటికంటె చిత్రం, దీనికి ఉపవాసం కావాలి. పుష్యమాసం చలిలో కొన్నాళ్ళు నీరు మాన్పించి, ఆకు రాలనిచ్చి, మోకాలెత్తుకు కొమ్మలు కత్తిరించి, పిదప ఎరువు వేసి నీరు పెట్టాలి. అప్పుడు లేత చిగుళ్ళతో పాటు మొగ్గలు వస్తాయి. చైత్ర వైశాఖాలలో చెట్టంతా పువ్వే. జాలిపడి కత్తెర పట్టనివారికి పూలు పలచబడతాయి. కుండీ అయితే అడుగున్నర లోతైనా ఉండాలి. ఒకసారి కుదురుకుందా, ఏళ్ళ తరబడి ఉంటుంది. కొత్త మొక్క కావాలంటే కొమ్మను వంచి మట్టిలో తొక్కితే చాలు, వేరు పట్టాక తెంచుకోవచ్చు.

కనకాంబరం తీరు వేరు. పేరుకు బంగారు వస్త్రం. మన దక్షిణదేశపు సొంత మొక్క. నడుమెత్తు మించదు, చిన్న కుండీలో సర్దుకుంటుంది. పూట ఎండా పూట నీడా అయినా గొణగదు. పచ్చని కంకి మీద అడుగు నుంచి పైకి రోజుకు కాసిని పూలు చొప్పున, ఇంచుమించు ఏడాది పొడుగునా పూస్తుంది. మాలగా కడితే మల్లె మర్నాటికి వాడి రంగు మారుతుంది. ఇది మరో రోజు కూడా తల్లో నిలుస్తుంది. బరువన్న మాటే ఉండదు. అయితే దీని కష్టాలు దీనికీ ఉన్నాయి. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. మట్టిలోని నులిపురుగులు పట్టితే వేళ్ళకు బుడిపెలు కట్టి మొక్క గిడసబారుతుంది. అందుకే రైతులు పక్కన బంతి వేస్తారు. మల్లెలాగా దీర్ఘాయువు లేదు. రెండు మూడేళ్ళకు కొత్త మొక్క పెట్టుకోవాలి.

ఒక్క మాటలో చెప్పాలంటే, మల్లె పండుగకు వచ్చే ఆడపడుచు. వచ్చినన్నాళ్ళూ ఇల్లంతా సందడే, మర్యాద మాత్రం తగ్గకూడదు. కనకాంబరం పక్కింటి అమ్మాయి. రోజూ వస్తుంది, కూర్చోమంటే కూర్చుంటుంది.

“కనకాంబరానికి వాసన లేదు కదా బాబూ. చూడలేని మనిషికి దాంతో పనేమిటి?” అన్నాను.

ముసలాయన కాసేపు మాట్లాడలేదు. నేను అంతకు ముందే ముచ్చటపడి పక్కన పెట్టుకొన్న ఢిల్లీ కనకాంబరాన్ని తీసి అవతల పెట్టాడు. పువ్వు పెద్దది, రంగు ముదురు, చూడ ముచ్చటగా ఉంది.

“ఇది కాయ కాయదండి, కొమ్మతో పెంచాల్సిందే. మీరు నాటురకం పట్టుకెళ్ళండి. అది మాట్టాడతాది,” అన్నాడు.

ఎండిన కంకి ఒకటి తెంపి నా అరచేతిలో పెట్టి, దాని మీద రెండు చుక్కల నీళ్ళు చిలకరించాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత చిటుక్! ఒక కాయ పగిలి గింజలు ఎగిరి నా చీరె మీద పడ్డాయి. మళ్ళీ చిటుక్, చిటుక్! పక్కనున్న ఆడవాళ్ళు పని ఆపి నవ్వారు. ఆ మొక్క తన సంతానాన్ని దూరంగా పంపే ఉపాయం అది. తడి తగిలితే కాయ విచ్చుకొంటుంది, తడినేల మీద గింజ మొలుస్తుంది.

“మీ మేడ మీద ఖాళీ ఉంటే మల్లె అక్కడ పెట్టండి,” అన్నాడు చివరికి. “పెద్దమ్మగారు మెట్లెక్కక్కర్లేదు. నాలుగింటికి మొగ్గలు కోసి ఒళ్ళో పొయ్యండి చాలు.”

రెండు మొక్కలూ కొన్నాను. రాత్రి రైల్లో కాళ్ళ దగ్గర పెట్టుకొని తెచ్చాను.

ఇది జరిగి రెండేళ్ళయింది. మేడ మీది మల్లె మొదటి వేసవిలో పదో పదిహేనో పూలు పూసి ఊరుకుంది. పుష్యమాసంలో పస్తు పెట్టి కొమ్మలు కత్తిరించాను. ఈ ఏడు చైత్రంలో కొంగు నిండింది. అత్తగారు అరటినార తడుముకొంటూ మొగ్గలు మాల కడుతుండగానే, ఆవిడ చేతుల్లోనే అవి విచ్చుకొంటాయి. “దీపం పెట్టవే, సాయంకాలమయింది,” అంటారు.

వేసవి దాటి మల్లె ఊరుకున్నా, బాల్కనీలో కనకాంబరం పని ఆగదు. పూలు ఎక్కువ కావాలంటే ఎండిన కంకులు ఎప్పటికప్పుడు తుంచెయ్యాలి, చప్పుడు కావాలంటే ఉంచాలి. మా ఇంట్లో సగం తుంచుతాము, సగం ఉంచుతాము. పొద్దున్నే ఆవిడ చెంబుతో నీళ్ళు పోసి, పక్కనే కుర్చీలో చెవి ఒగ్గి కూర్చుంటారు. మా అమ్మాయి ఎన్ని పేలాయో లెక్క పెడుతుంది. ఆవిడ లెక్క ఎప్పుడూ ఒకటి ఎక్కువే ఉంటుంది.