వేలు పడని నెల

జూన్ 2, 2025
నిన్నటి నుంచి బియ్యం మళ్లీ స్టోరులోనే. 2021లో వచ్చిన రేషన్ బండ్లు ఆగిపోయాయి. గండికోటకు పోయే దారిలో ఒక ఊరు, పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. నాపరాళ్ల గనిలో పని చేసే ఒకామె స్టోరులోని వేలిముద్ర మిషన్ మీద చూపుడు వేలు పెట్టింది, పడలేదు. బొటనవేలు, అదీ పడలేదు. "నెత్తికి రుద్దుకోని పెట్టక్కా" అన్నాడు డీలరు. పాపిట దగ్గర వేలు రుద్ది పెట్టింది. టక్కున పడింది.

జూన్ 3
డీలరు చెప్పిందాంట్లో శాస్త్రం ఉంది. వేళ్ల కొసల్లో చెమట గ్రంథులు కిక్కిరిసి ఉంటాయి గానీ, నూనె గ్రంథులు ఒక్కటీ లేవు. వేలికి జిడ్డు కావాలంటే మొహం నుంచో జుట్టు నుంచో అరువు తెచ్చుకోవాల్సిందే.

జూన్ 4
మిషన్‌ లోపల గాజు పట్టకం, చిన్న ఎల్‌ఈడీ, కెమెరా. గాజులో వాలుగా వచ్చిన వెలుగుకు అవతల గాలి తగిలితే అది బయటికి పోలేక మొత్తం వెనక్కి తిరుగుతుంది. కోణం 42 డిగ్రీలు దాటితే చాలు. వేలి మీది గీత గాజును అంటుకున్న చోట మాత్రం వెలుగు చర్మంలోకి జారుకుంటుంది. కెమెరాకు అక్కడ నలుపు, గీతల నడుమ సందుల్లో తెలుపు. గీతకూ గీతకూ దూరం అర మిల్లీమీటరు అటూ ఇటూ. చర్మం ఎండి బిరుసెక్కితే గాజుకు ఒదగదు, గీత తెగి చుక్కల వరుస అవుతుంది. తడి మరీ ఎక్కువైనా కష్టమే: సందులు నీళ్లతో నిండి అంతా ఒకటే మచ్చ. అందుకే తుడుచుకోమనేదీ డీలర్లే, తడుపుకోమనేదీ డీలర్లే.

చర్మం రంగుతో దీనికి పెద్దగా పని లేదు. అంటుకుందా లేదా, అదొక్కటే లెక్క. ఎరుపా చామనచాయా అని ఆరా తీయని చోటు మన దగ్గర ఒకటి దొరికింది!

జూన్ 7, గండికోట
జామా మసీదు పక్కనే ధాన్యాగారం. మందపాటి గోడలు, లోపల గబ్బిలాల కంపు. పెమ్మసాని నాయకుల రోజుల్లో ఇలాంటి చోట గింజలు కొలిచినవాడు ఎదుటి మనిషిని ఎలా గుర్తుపట్టేవాడో! మొహం చూసే అయ్యుంటుంది. కింద లోయలో పెన్న సన్నగా ఉంది.

జూన్ 9
గనిలో మేస్త్రీ చెయ్యి చూపించాడు. బొటనవేలి మధ్యలో గీతలే లేవు, నున్నగా మెరుస్తోంది. చుట్టూ పగుళ్లు, పగుళ్లలో బూడిదరంగు దుమ్ము. బండ అంచులు గీతల్ని అరగదీస్తాయి, దుమ్ము ఉన్న తడిని పీల్చేస్తుంది. అయితే గీతల అచ్చు ఉండేది లోపలి పొరలో. కొన్ని వారాలు చేతికి విశ్రాంతి ఇస్తే పై పొర అవే గీతలతో మళ్లీ లేస్తుంది. ఆ మాటే చెప్పాను. "పనికి పోతే ముద్ర పడదు సార్, పోకుంటే కూలి పడదు" అన్నాడు నవ్వుతూ.

జూన్ 10
ఆధార్‌లో పది వేళ్లతో పాటు రెండు కళ్లూ నమోదై ఉన్నాయి. కంటిపాప అరగదు. ఐరిస్ మిషన్‌ను మాత్రం నీడలో పెట్టాలి, ఎండలో కన్ను ఎవరు పూర్తిగా తెరుస్తారు?

జూన్ 12
1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర ఒక ఒప్పందం కాగితం మీద రాజ్యధర్ కోనాయ్ అరచేతి ముద్ర వేయించుకున్నాడు. ఒప్పందం దేనికనుకున్నారు? రోడ్డుకు కంకర తోలడానికి! ముద్ర కాంట్రాక్టరుది. కంకర కొట్టిన చేతుల్ని అడిగి ఉంటే ఈ తంటా అప్పుడే తెలిసేదేమో.

జూన్ 13
చర్మం లోపలికి చూసే సెన్సర్లూ ఉన్నాయి. రకరకాల రంగుల వెలుగును పై పొర కిందికి పంపి, అక్కడి అచ్చునూ కలిపి పటం కడతాయి. వేలు ఎండినా తడిసినా వాటికి అంత ఇబ్బంది లేదు, ధరే ఎక్కువ. ఏ మిషన్ కొన్నా సరే, పరీక్ష ఏసీ గదిలో గుమాస్తాల వేళ్ల మీద కాదు, మే నెల మిట్టమధ్యాహ్నం యర్రగుంట్ల దగ్గర బండలు కోసే చోట పెట్టాలి. అక్కడ పడితే కొనండి.