అంగుళం పైపు

ఇల్లు బాగు చేయించుకున్నాక కుళాయిలో వేడినీళ్ళు ఆలస్యంగా వస్తున్నాయని పాఠకులు రాస్తున్నారట. ‘గీజర్లు విప్పేవాళ్ళెవరైనా ఉంటే కూర్చుని మాట్లాడి రా’ అన్నారు ఎడిటరు. గీజర్ల మీద ఏం రాస్తామని సణుక్కుంటూనే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక సందు చివరి కొట్టుకు వెళ్ళాను. కొట్టులో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. పొట్ట విప్పిన ట్యాంకులు, బోరు నీళ్ళకు సున్నం పేరుకుని తెల్లబడ్డ కాయిళ్ళు, మూలన పైపు ముక్కల కట్ట. చూడాల్సింది ఆ ముసలి మేస్త్రీ చేతుల్నే. గోళ్ళ సందుల్లో సీపీవీసీ జిగురు పసుపు పట్టేసింది. కుడి బొటనవేలు అరిగి చదునైపోయింది.

నేను వెళ్ళేసరికి ఒకావిడ ఆయన మీద కోపంగా ఉంది. అసలు కోపం ఆయన మీద కాదని కాసేపటికి తెలిసింది. గీజరు కొత్తదే, కుళాయిలు కొత్తవే, బాత్రూంలో నేలకూ గోడకూ తేడా తెలియనంత పెద్ద పలకలు. అయినా పొద్దున్నే వాష్‌బేసిన్ కుళాయి తిప్పి, పళ్ళు తోముకోవడం పూర్తయినా చన్నీళ్ళేనట.

“ఇంతకుముందు గీజర్ యాడుండె బిడ్డా?”

“బాత్రూంలోనే, కుళాయి పైన.”

“ఇప్పుడు?”

“వంటింటి వెనక యుటిలిటీలో. అన్నిటికీ కలిపి ఒకటే పెద్దది. బాత్రూంలో గీజరు కనపడితే అందం పోతుందన్నారు ఇంటీరియర్ వాళ్ళు.”

“పైపెంతది ఏసిండ్రు?”

“అంగుళం. ఫోర్సు బాగుంటుందని పెద్దదే వేయించాం.”

ఆయన నవ్వలేదు, తప్పు పట్టనూ లేదు. కట్టలోంచి మీటరు పొడవున్న ముక్కలు మూడు తీశాడు. అరంగుళం ముక్క కింద బొటనవేలు అడ్డం పెట్టి నిండా నీళ్ళు పోసి, స్టీలు గ్లాసులోకి వంచాడు. ఒక టీకి సరిపడా, 120 మిల్లీలీటర్ల పైచిలుకు. ముప్పావు అంగుళం ముక్కలో పావు లీటరు పట్టింది. అంగుళం ముక్కకు వేలు చాల్లేదు, అరచెయ్యి అడ్డం పెట్టాల్సి వచ్చింది. అందులో 430 మిల్లీలీటర్ల దాకా పట్టాయి. ఒక్క చుక్క కింద పడలేదు. అన్ని నీళ్ళనూ మళ్ళీ బకెట్లోనే పోశాడు.

“ఇగ లెక్క నువ్వే జెయ్యి బిడ్డా. గీజర్‌కెళ్ళి బేసిన్ దాకా ఎన్ని మీటర్లు?”

ఫాల్స్ సీలింగ్ మీదుగా చుట్టు తిరిగి పద్దెనిమిది ఉంటుందని ఆవిడ అంచనా. అంటే ఏడున్నర లీటర్లకు పైనే చన్నీళ్ళు ముందు బయటికి పోవాలి. నీళ్ళు ఆదా చేసే జాలీ బిగించిన కొత్త కుళాయి నిమిషానికి నాలుగు లీటర్లు వదులుతుందనుకున్నా, దగ్గర దగ్గర రెండు నిమిషాలు. దారిలో పైపు తాగే వేడి వేరే. మార్పులు చేయించక ముందు రెండు మీటర్ల అరంగుళం పైపులో పావు లీటరే ఉండేది. చెయ్యి చాపేలోపే వేడి వచ్చేది. నీళ్ళు ఆదా చేస్తుందని కొన్న కుళాయి దగ్గర రోజూ బకెట్టు నీళ్ళు పారబోస్తున్నారన్నమాట, అదీ చాలా పేటలకు రోజు విడిచి రోజు నీళ్ళు వదిలే ఊళ్ళో.

ఆవిడ వెళ్ళాక ఆయన్ని నేను ఒక మాటడిగాను, అంతా ఇలా పైపు దూరం కేసేనా అని. కాదట. కొన్నిచోట్ల ప్రెషర్ పంపు చన్నీళ్ళ లైనుకొక్కదానికే బిగిస్తారు. మిక్సర్ కుళాయిలోనో షవర్ దగ్గరో రెండు దారులూ కలిసే చోట, బలమున్న చన్నీరు వేడినీటి పైపులోకి ఎదురు తన్నుకుపోతుంది. అక్కడ ఎంతసేపు నిలబడ్డా గోరువెచ్చనే. గీజరుకు నీళ్ళొచ్చే వాల్వు కట్టేసి వేడి కుళాయి తిప్పాలి. కాసేపటికి ధార ఆగిపోతే సరే, ఆగకుండా పారుతుంటే చన్నీళ్ళు ఎక్కడో అడ్డదారిన వస్తున్నట్టు. అప్పుడు ఎదురు పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు వేయాలి. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండానే జనం గీజర్లు మార్చేస్తున్నారు. ఇది వింటే నాకే ఒళ్ళు మండింది.

ఆయన పని నేర్చుకున్నది ఇనప పైపుల కాలంలో. గోడకు ఆనించిన డై సెట్టు చూపించాడు. పైపును కొలిచి కోసి, నూనె పోస్తూ మరలు తిప్పి, సుతిలి చుట్టి, సఫేదా పూసి బిగించాలి. ఒక్కో మలుపుకూ భుజాలు పడిపోయేవట. అందుకే గోడ చూసి, ఇల్లంతా ఒకసారి తిరిగి, ఎటు పోతే దగ్గరో ముందే ఆలోచించుకునేవారు. “బద్ధకమే సార్ మాకు తెలివి నేర్పింది” అన్నాడు. ఇప్పుడు ఎల్బోకు జిగురు రాసి, పావు వంతు తిప్పి, కాసేపు గట్టిగా పట్టుకుంటే అతుక్కుపోతుంది. పది మలుపులైనా చెమట పట్టదు. కాబట్టి పైపు ఇల్లంతా తిరుగుతుంది.

ఇనప పైపుల మీద ఆయనకు మమకారమేమీ లేదు. తుప్పు పట్టి లోపల పూడుకుపోయేవని తిట్టాడు కూడా. పోయింది ఆ పైపు కాదు, దారి ఆలోచించే అలవాటు. దానికి కూలీ ఇచ్చేవాళ్ళు లేరు. ప్లంబింగ్ పని పాయింటుకింత అని మాట్లాడుకుంటారు. కుళాయి వచ్చే ప్రతి చోటూ ఒక పాయింటు. రెండు పాయింట్ల మధ్య పైపు ఎటు పోతుందో ఆ బేరంలో లేదు. పలకల రంగుకు నెల రోజులు తిరిగే ఇంటివాళ్ళు, ఇంటీరియర్ వాళ్ళు కంప్యూటర్లో చూపించే బొమ్మలో ఒక్క పైపూ లేదని గమనించరు. హైదరాబాద్‌లో 1998 నుంచీ నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది, ఐటీఐల్లో ప్లంబర్ కోర్సుంది. ఇదంతా చదువు లేక కాదు, చదివినవాణ్ణి అడిగేవాళ్ళు లేక. గోడ మూసేముందు పైపుల్ని ఫోన్లో ఫోటో తీసి ఉంచుకోమని ఈయన ప్రతి ఇంట్లో చెప్తాడట. తీసినవాళ్ళు తక్కువ.

వెళ్ళేముందు ఆవిడకు ఆయన పలకలు పగలగొట్టమని చెప్పలేదు. బేసిన్ కింద అల్మరాలో మూడు లీటర్ల చిన్న గీజరు పెట్టుకోమన్నాడు. పైపుకు నురుగు తొడుగు వేస్తే మేలేనా అని ఆవిడ అడిగితే, “ఒకలెనక ఒకలు స్నానం జేస్తే పైపుల వేడి నిలుస్తది. తెల్లారంగ మొదటోనికి ఏం లాభం లేదు” అన్నాడు. అమ్మేవాడెవడూ ఆ రెండో వాక్యం చెప్పడు.

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. ఎక్కడో కొత్తగా మొదలైన పని, పాయింటుకు రేటెంత అని అడుగుతున్నారు. స్పీకర్లో పెట్టి, చేతిలో కాయిలు సున్నం గీకుతూనే, “గీజర్ యాడ పెడుతున్రు సార్?” అన్నాడు.

“అది తర్వాత చూద్దాంలే. ముందు రేటు చెప్పు.”