శనివారం అయిదు, ఆదివారం ఇరవై ఒకటి

"నా వయసు 43. ఖమ్మంలో వుంటాను. రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే పరుగెత్తుతున్నాను. బి.పి., షుగరు లేవు. ఈసారి హైదరాబాద్ మారథాన్‌లో శనివారం అయిదు కిలోమీటర్లకీ, ఆదివారం హాఫ్ మారథాన్‌కీ పేరు ఇవ్వాలనుకుంటున్నాను. మా ఆవిడ ఒక్కటి చాలంటోంది. మీరేమంటారు?" అని ఒక పాఠకుడు రాశారు.

ఒక్కమాటలో చెప్పమంటే "పరుగెత్తవచ్చు, కానీ..." అంటాను. ఆ "కానీ" తర్వాత చెప్పాల్సింది చాలా వుంది. వూరికే సలహాలు చెప్పే బదులు ఆ రెండు రోజులూ మిమ్మల్ని నాతోపాటు ఆ దారిన తీసుకువెళ్తాను. ఆ దారిలో నేనొకసారి తప్పు చేశాను. మరుసటి ఏడు దిద్దుకున్నాను. రెండూ మీకు పనికొస్తాయి.

అయిదే కదా!

ఆగస్టు నెలాఖరు. హైటెక్స్ మైదానం. శనివారం అయిదు కిలోమీటర్ల పరుగు అక్కడే. మీరు వెళ్ళేసరికి తిరునాళ్ళలాగా వుంటుంది. చంకలో పిల్లల్ని వేసుకున్న నాన్నలు, చీరకొంగు దోపుకున్న అమ్మమ్మలు, కాలేజీ కుర్రాళ్ళు, ఆఫీసులో పేరిచ్చినందుకు మొహమాటపడి వచ్చినవాళ్ళు అందరూ అక్కడే వుంటారు. మైకులో పాటలు. ఆకాశమంతా మబ్బు. ఒళ్ళు తేలిగ్గా వుంటుంది. ప్రమాదమంతా అక్కడే వుంది.

2022లో నాతోపాటు మా మిత్రుడొకాయన వచ్చారు. నల్గొండ జిల్లాలో స్కూలు మాష్టారు. అప్పటికాయనకి 48 ఏళ్ళు. వచ్చిన కొత్తలో నాతో ఒక మాటన్నారు.

"డాక్టరుగారూ, అయిదే కదా! మేం రోజూ ఎనిమిది కొడతాం."

పరుగు మొదలయ్యాక పక్కనున్న కుర్రాడెవరో ముందుకు వెళ్ళాడు. మాష్టారు ఆగలేదు. చివరి రెండు కిలోమీటర్లు ప్రాణం పెట్టి పరుగెత్తారు. 26 నిమిషాల్లో పూర్తి చేసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వారు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఇక్కడ మీరు గమనించాలి. రోజూ నిదానంగా చేసే ఎనిమిది కిలోమీటర్లు వేరు, ఊపిరి బిగబట్టి చేసే అయిదు కిలోమీటర్లు వేరు. వేగంగా పరుగెత్తినప్పుడు కండరాల్లోని సన్నని పోగులు అక్కడక్కడా దెబ్బతింటాయి. పల్లం దిగేటప్పుడు మరీను. ఆ నొప్పి వెంటనే తెలియదు. మర్నాడు మొదలై రెండు మూడు రోజుల వరకూ పెరుగుతుంది. అంటే శనివారం పొద్దున చేసిన అప్పు తీర్చమని కాళ్ళు ఆదివారం పొద్దున అడుగుతాయి.

ఆ మధ్య రోజు

పరుగు అయిపోయింది కదా అని మాష్టారు ఊరు చూడడానికి బయలుదేరారు. హైదరాబాదు వచ్చి చార్మినార్ చూడకుండా ఎలా? మెట్లెక్కారు, దిగారు. లాడ్ బజారులో కూతురికి గాజులు బేరమాడారు. ఎండ లేదు కాబట్టి దాహం వెయ్యలేదు. రెండు ఇరానీ చాయ్‌లు తాగారు, మంచినీళ్ళు సరిగ్గా తాగలేదు. రాత్రి పదిగంటలకి బంధువులింట్లో బిర్యానీ. మా ఇంటికి వచ్చి పడుకునేసరికి పన్నెండు. మూడున్నరకి అలారం.

శనివారం పరుగుకీ ఆదివారం పరుగుకీ మధ్య దాదాపు 24 గంటలుంటాయి. ఆ సమయంలో ఒంట్లో మూడు పనులు జరగాలి. మొదటిది, కండరాల్లోనూ లివర్‌లోనూ వుండే గ్లైకోజెన్ అనే ఇంధనం మళ్ళీ నిండాలి. మనం తినే అన్నం, ఇడ్లీ, అరటిపండు అలా మారేవే. కడుపునిండా తింటే ఒక రోజులో చాలావరకు నిండుతుంది. రెండోది, చెమటలో పోయిన నీళ్ళూ ఉప్పూ తిరిగి చేరాలి. మూడోది, దెబ్బతిన్న కండరం బాగుపడడం మొదలవ్వాలి. ఇది ముఖ్యంగా నిద్రలో జరుగుతుంది. మాష్టారు ఈ మూడింటికీ అవకాశం ఇవ్వలేదు.

నాకు తెలియనిది ఇంకొకటి జరిగింది. పడుకోబోయే ముందు పిక్కలు లాగుతున్నాయని ఆయన రెండు నొప్పి మాత్రలు వేసుకున్నారు. ఉదయం ఇంకొకటి. మనిళ్ళల్లో సొరుగు తీస్తే కనిపించే డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివే.

నొప్పి మాత్రకేం భయం అంటారా? ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకి వెళ్ళే రక్తం తగ్గుతుంది. అప్పుడు కొన్ని రసాయనాలు ఆ రక్తనాళాలని తెరిచివుంచి కిడ్నీలని కాపాడతాయి. ఈ మాత్రలు ఆ రసాయనాలనే ఆపుతాయి. నొప్పి తగ్గుతుంది, దాంతోపాటు ఆ రక్షణ కూడా పోతుంది. అందుకే పరుగుకి ముందురోజు గానీ, ఆ ఉదయం గానీ ఇవి వేసుకోకండి.

ఆదివారం: సాగర్ నుంచి కొండకి

హాఫ్ మారథాన్ నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలైంది. అప్పుడే తెల్లవారుతోంది. హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుడు నిలబడి వున్నాడు. ఆ ఏకశిలా విగ్రహాన్ని 1990లో తీసుకువెళ్తుంటే నీళ్ళలో మునిగిపోయి కొందరి ప్రాణాలు పోయాయి. 1992లో పైకి తీసి నిలబెట్టారు. ఆ ప్రశాంతమైన ముఖం చూస్తుంటే ఆ సంగతి ఎవరికీ గుర్తురాదు.

బయలుదేరే ముందు మాష్టారు నాడి చూశాను. నిమిషానికి 88. రోజూ పొద్దున ఆయనకి 64 వుంటుందని నాకు తెలుసు. కళ్ళు ఎర్రగా వున్నాయి.

"మాష్టారూ, ఇవాళ వద్దేమో" అన్నాను.

"పిల్లలకి పతకం తెచ్చి చూపిస్తానని చెప్పానండీ. ఉత్త చేతులతో క్లాసులోకి ఎలా వెళ్ళను?" అన్నారు.

నేను గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. నిజం ఒప్పుకోవాలంటే, ఆయనతో వాదిస్తే నాకూ ఆలస్యమవుతుంది. రెండున్నర గంటల్లోపు పూర్తి చెయ్యాలని ఆరు నెలలుగా అనుకుంటున్నాను. ఆ క్షణంలో నేను డాక్టరుగా ఆలోచించలేదు.

సాగర్ నిండు నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 513 మీటర్లు. అక్కణ్ణించి రాజ్‌భవన్ రోడ్డు, పంజగుట్ట మీదుగా బంజారాహిల్స్, జూబిలీహిల్స్ వైపు వెళ్తే అంతా ఎక్కుడే. పేర్లలోనే గుట్టా, హిల్సూ వున్నాయి చూడండి! కారులో వెళ్ళేవారికి ఈ ఎత్తు తెలియదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తొడలకి తెలుస్తుంది, దిగేటప్పుడు మోకాళ్ళకి తెలుస్తుంది.

దానికి తోడు గాలిలో తేమ. ఆగస్టులో హైదరాబాదు చల్లగా వుందనుకుంటాం. కానీ చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, కారిపోతే కాదు. గాలి తడిగా వున్నప్పుడు చెమట ఆరదు, బొట్లు బొట్లుగా నేల మీద పడుతుంది. నీళ్ళు పోతాయి, వేడి మాత్రం ఒంట్లోనే వుంటుంది.

కె.బి.ఆర్. పార్కు గోడ పక్కన వెళ్తుండగా మాష్టారు అడిగారు, "ఇంకా ఎంత దూరమండీ?" చెప్పాను. నిమిషం తర్వాత మళ్ళీ అదే అడిగారు. మళ్ళీ చెప్పాను. మూడోసారి నా వైపు చూసి, "బెల్లు కొట్టేశారా?" అన్నారు.

నా గుండె ఆగినంత పనయింది. పరుగెత్తేవారు అలిసిపోవడం మామూలే. మాట తడబడడం, తూలడం, వున్నచోటు తెలియకపోవడం మామూలు కాదు. అది ఒంట్లో వేడి మెదడుకి ఎక్కిందనడానికి గుర్తు. వడదెబ్బ ఎండలోనే తగలాలని లేదు. లోపల పుట్టిన వేడి బయటికి పోకపోతే మబ్బు కింద కూడా తగులుతుంది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

చెట్టు కింద పడుకోబెట్టి చొక్కా విప్పాను. వాలంటీర్లు పరుగున వచ్చి ఐసు, నీళ్ళు తెచ్చారు. మెడకి, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాం. ఒంటినిండా నీళ్ళు పోసి అట్టముక్కలతో విసిరాం. తెలివి సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. ఇరవై నిమిషాలకి ఆయన నన్ను గుర్తుపట్టి, "మీరెందుకు ఆగారు?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

అంబులెన్సు వచ్చింది. ఆస్పత్రిలో చూసేసరికి ఇంకా 102 డిగ్రీలుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీలు ఇబ్బంది పడ్డాయన్నమాట. మాత్రల సంగతి అప్పుడు బయటపడింది. రెండు రోజులు సెలైన్ పెట్టారు. పది రోజులకి అన్నీ మామూలయ్యాయి. అదృష్టం బాగుంది. ప్రతివారికీ అలా వుంటుందని చెప్పలేను.

మరుసటి ఏడు

2023లో మాష్టారు మళ్ళీ వస్తానన్నారు. పరీక్షలన్నీ చేయించి, నాలుగు నెలల ముందు నుంచే వారానికొకసారి వరసగా రెండు రోజులు పరుగెత్తించాను. మొదటిరోజు నాలుగు కిలోమీటర్లు నిదానంగా, రెండోరోజు ఎనిమిది. తర్వాత పది, పన్నెండు, పదహారు.

శనివారం హైటెక్స్‌లో ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూ పరుగెత్తాం. 42 నిమిషాలు పట్టింది. మా పక్కనుంచి ఒక పదేళ్ళ పిల్ల దూసుకుపోయింది. మాష్టారు పళ్ళు బిగించి వూరుకున్నారు! ఇంటికి వచ్చి ఇడ్లీలు, మధ్యాహ్నం పప్పన్నం, పెరుగు. సాయంత్రం అరటిపళ్ళు. చార్మినార్ సోమవారానికి వాయిదా. రాత్రి ఎనిమిదిన్నరకి దీపం ఆర్పాం.

ఆదివారం నాడి 68. కె.బి.ఆర్. పార్కు దగ్గర ఆ చెట్టు రాగానే ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. చెక్‌పోస్టు దాటి రోడ్ నంబర్ 45 మీదుగా దుర్గం చెరువు తీగల వంతెన ఎక్కాం. 2020లో తెరిచిన వంతెన. రోజూ కార్లు నిండివుండే చోట కాళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. అటూ ఇటూ నల్లని బండరాళ్ళు, కింద నీళ్ళు, ఎదురుగా గాలి. హైదరాబాదుని అలా చూడాలంటే ఆ ఉదయమే చూడాలి. గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం చేరేసరికి రెండు గంటల యాభై నిమిషాలు. నేను ఆరు నెలలు కలలుగన్న టైము కంటే ఇరవై నిమిషాలు ఎక్కువ. మాష్టారు పతకాన్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నారు.

మీరు గుర్తుంచుకోవాల్సినవి

1. రెండు రోజుల పరుగులు కలిపి ఒకే పరుగు అనుకోండి. మధ్యలో వచ్చే రాత్రి కూడా అందులో భాగమే.

2. శనివారం పక్కవాళ్ళతో మాట్లాడగలిగే వేగం దాటకండి.

3. పరుగు అయిన గంటలోపు ఏదైనా తినండి. ఆ రోజంతా ఇంటి భోజనమే తినండి. కొత్త హోటలు, కొత్త బూట్లు రెండూ వద్దు.

4. మూత్రం లేత పసుపు రంగులో వచ్చేలా నీళ్ళు తాగండి. అలాగని బిందెలకొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి అదీ ప్రమాదమే. మజ్జిగలో ఉప్పు వేసుకోండి. ఓ.ఆర్.ఎస్. అయితే పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో కలపాలి.

5. ఆదివారం లేవగానే నాడి చూసుకోండి. రోజూ వుండేదానికంటే పది పైన ఎక్కువున్నా, జ్వరం, విరేచనాలు, కుంటేంత నొప్పి వున్నా బయలుదేరకండి.

6. దారిలో గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం, వణుకు, మాట తడబాటు వస్తే ఆగిపోండి. తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి.

7. షుగరుకి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారు, బి.పి., గుండెజబ్బు, కిడ్నీ జబ్బు వున్నవారు తమ డాక్టరుని అడగకుండా పేరివ్వకండి. శనివారం పరుగెత్తిన రాత్రి నిద్రలో షుగరు పడిపోవచ్చు.

ఇక ఖమ్మం మిత్రునికి నా జవాబు. మీరిప్పటికే వరసగా రెండు రోజులు పరుగెత్తి చూసివుంటే, రెండోరోజు పదహారు కిలోమీటర్లు తేలిగ్గా వెళ్ళగలిగితే, రెండింటికీ పేరివ్వండి. లేకపోతే ఈ ఏడు మీ ఆవిడ మాటే వినండి. శనివారం ఆవిడని కూడా హైటెక్స్‌కి తీసుకువెళ్ళి ఇద్దరూ కలిసి ఆ అయిదు కిలోమీటర్లూ నడవండి. ఆదివారం పరుగు వచ్చే ఏడు కూడా వుంటుంది.