నాలుగో రోజు కచేరీ

జాజ్ గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. ఓ రాత్రి హాస్టల్లో సీనియర్ అన్న ఒకరు తన హెడ్‌ఫోన్స్ ఇచ్చి, "నువ్వు ఫ్లూట్ వాయిస్తావుగా, ఇది విను" అన్నాడు. అలా సానీ రోలిన్స్ ఆల్బమ్ 'వితౌట్ ఎ సాంగ్' నా చెవిన పడింది. అది అయ్యాక ఆయన గురించి చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రోలిన్స్ అమెరికాలో పేరున్న శాక్సాఫోన్ విద్వాంసుడు. 2001 సెప్టెంబర్ 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్ కూలినప్పుడు ఆయన ఇల్లు అక్కడికి ఆరు వీధుల అవతలే. మర్నాడు ఖాళీ చేయిస్తే శాక్సాఫోన్ పట్టుకుని మెట్లన్నీ దిగొచ్చాడు. అప్పటికి ఆయనకు 71 ఏళ్ళు. 15న బోస్టన్‌లో కచేరీ. వద్దనుకున్నాడు. వెళ్దామని పట్టుబట్టింది భార్య లూసిల్. ఆ రాత్రి రికార్డింగే ఈ ఆల్బమ్. 2005లో విడుదలయ్యింది. అది చూడటానికి లూసిల్ లేదు, 2004లోనే పోయింది.

ఏడుపు సంగీతం వినబోతున్నానని అనుకున్నాను. కానీ మొదటి పాటే పదహారు నిమిషాలు దాటుతుంది, మనిషి ఆగడు. రెండోది కాలు ఆడించే కాలిప్సో!

నా నిద్ర ఎందుకు పోయిందంటే, నాకూ ఒక నాలుగో రోజు ఉంది.

నిరుడు తాతయ్య పోయిన నాలుగో రోజు మన ఫెస్ట్. నా ఫ్లూట్ సోలో ఉంది. పెదనాన్న "పదకొండో రోజన్నా కాకుండా స్టేజీ ఎక్కుతావా?" అన్నారు. నానమ్మ మాత్రం "మీ తాత ఉంటే వెళ్ళమనేవారు, వెళ్ళరా" అంది. నేను వెళ్ళలేదు. మైల వల్ల రాలేదని అందరూ అనుకున్నారు, నేనూ అదే చెప్పాను. నిజం వేరు. పాట మధ్యలో ఏడుపొచ్చి ఊపిరి అందకపోతే పరువు పోతుందని భయపడ్డాను. ఆ తర్వాత ఫ్లూట్ పెట్టెలోంచి తియ్యలేదు.

ఆ దుమ్ములో ఇంట్లోనే వాయిద్యం ఊదబోతే రోలిన్స్‌కి కడుపులో తిప్పిందట. అంటే ధైర్యం కూడగట్టుకున్నాక స్టేజీ ఎక్కలేదు ఆయన. ఇంట్లో మనిషి వెళ్దామంటే వెళ్ళాడు, అంతే.

దుఃఖంలో వాయించకపోవడం తప్పేం కాదు. నా భయాన్ని మైల మీదకి నెట్టడం తప్పు.

ఆదివారం నానమ్మకి ఫోన్ చేసి నిజం చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు తెలుసులేరా. సెలవులకి వచ్చేటప్పుడు ఆ ఫ్లూట్ తెచ్చుకో" అంది.

సెలవులకి ఇంకా పన్నెండు రోజులుంది. మెస్ వెనకాల ప్రాక్టీస్ మొదలెట్టాను. అపస్వరాలు వినిపిస్తే ఓర్చుకోండి, ఊపిరి ఇంకా కుదురుకోలేదు.